‘వృత్తి’ అనే గడిలో నేను రాస్తూ వచ్చినవి

మీరు అడిగినవి రెండు. మన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ పదిహేను ఇరవై ఏళ్ళలో ఏ పనులు పెరిగాయి, ఏవి పోయాయి అనేది ఒకటి. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసి ఐటీఐ చేసి కార్ల కంపెనీల వైపు పొమ్మని మీ మామ అంటున్నాడు, పోవచ్చా అనేది రెండోది. రెండోదానికి సూటిగా చెప్పేస్తాను, డిగ్రీ మధ్యలో ఆపొద్దు. ఎందుకో అర్థం కావాలంటే మొదటిది కాస్త వివరంగా చెప్పాలి.

నేను 2009 నుంచి గోరంట్ల వైపు ఒక పల్లెలో డ్వాక్రా సంఘాలకు యానిమేటర్‌ని. సంఘంలో ఎవరు లోను అడిగినా ఫారం నింపేది నేనే, అందులో ‘వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. ఆమె ఏం పని చేస్తుంది, భర్త ఏం చేస్తాడు, కొడుకు ఎక్కడున్నాడు, నెలకు చేతికి ఎంత వస్తుంది, అన్నీ అడిగి రాయాలి. ఒకే ఇంటికి అయిదారు సార్లు లోను రాసినప్పుడు ఆ గడిలో మాట ఎలా మారుతూ వచ్చిందో నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. నేను చెప్పేదంతా అక్కడి నుంచే.

మొదట్లో ఆలోచించే పనే ఉండేది కాదు. పొలం ఉంటే వ్యవసాయం, లేకుంటే కూలి. వ్యవసాయం అంటే చెనక్కాయే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేసేవాళ్ళు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, అదీ పడాల్సినప్పుడు పడని చోట, జిల్లా మొత్తం ఒకే పంట మీద బతికింది. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్ళు వైరస్ వచ్చి పైరు నిలువునా మాడిపోయింది, మా నాయన ఎనిమిదెకరాల్లో కాయ కాదు కదా, పశువులకు మేతగా వేసే చెనక్కాయ కట్టె కూడా సరిగ్గా రాలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు వేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు మా ఊళ్ళో చెనక్కాయ వేసే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొందరు కంది వేస్తున్నారు, బోరులో నీళ్ళున్నవాళ్ళు తోటలు పెట్టారు, కొన్ని చేలు ఊరికే బీడు పడ్డాయి.

ఇక్కడ అందరూ ‘రైతు నష్టపోయాడు’ అని ఆపేస్తారు. నాకు మనసు చివుక్కుమనేది ఆ మాట దగ్గరే, ఎందుకంటే చెనక్కాయతో పాటు పోయింది రైతు పంట ఒక్కటే కాదు, ఆడవాళ్ళ పని. విత్తనానికి ముందు కాయలు వలవడం చూశారో లేదో. వైశాఖం, జ్యేష్ఠం నెలల్లో ఏ అరుగు మీద చూసినా నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని విత్తనకాయలు వలుస్తుండేవాళ్ళు. గింజ మీది పొర చిట్లితే మొలక రాదు కాబట్టి చేత్తోనే వలవాలి. రెండో రోజుకల్లా బొటనవేలి చివర చర్మం లేచిపోయేది, మా అమ్మ పాత చీర అంచు చింపి వేలికి చుట్టుకునేది, సాయంత్రం ఆ పేలిక విప్పితే వేలు తెల్లగా నానిపోయి ఉండేది. వలిచిన గింజలు కొలిచి, కొలతకింత అని కూలి ఇచ్చేవాళ్ళు. ఆ తర్వాత కలుపు, కట్టె పీకడం, కాయ కోయడం. అన్నీ కలిపితే ఒక మనిషికి ఏడాదిలో నాలుగైదు నెలల పని, ఊరు దాటకుండా, పిల్లల్ని కళ్ళ ముందు పెట్టుకుని.

జనాభా లెక్కల్లో ఆరు నెలలు, అంతకు మించి పని చేసినవాళ్ళను మెయిన్ వర్కర్ అంటారు, అంతకన్నా తక్కువైతే మార్జినల్ వర్కర్. నాలుగైదు నెలలు పని చేసే మా అమ్మలాంటి వాళ్ళంతా ఆ రెండో కుప్పలో పడ్డారు. పైగా చివరి జనాభా లెక్కలు 2011వి, అసలు మార్పంతా ఆ తర్వాతే వచ్చింది. అందుకే వాళ్ళ పని ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. ఒక ఫ్యాక్టరీలో రెండు వందల మందిని తీసేస్తే పేపర్లో వస్తుంది, ఒక మండలంలో వేలమంది ఆడవాళ్ళకు కాయలు వలిచే పని లేకుండా పోతే ఎక్కడ వచ్చింది?

ఆ ఖాళీని కొంత నింపింది ఉపాధి హామీ పనే. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన ఉమ్మడి జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి మొదలుపెట్టారు. మా జేజి, అంటే నాయనమ్మ, చనిపోయే వరకు దాన్ని ‘కరువు పని’ అనే అనింది. 2025-26లో ఇంటికి 100 రోజులు, రోజుకు 307 రూపాయల రేటు ఉండేది, కానీ కొలతల ప్రకారం ఇచ్చేవాళ్ళు కాబట్టి గట్టి నేలలో తవ్వితే అంత పడేది కాదు. అది తక్కువే అనేవాళ్ళకు నేను ఒకటే చెబుతాను. వేసవిలో బెంగుళూరు బస్సు ఎక్కకుండా ఆగిపోయిన ఇళ్ళు నా ఫారాల్లో చాలా ఉన్నాయి.

అయినా బెంగుళూరు వలస ఆగలేదు, రూపం మారింది. ఇదివరకు మొగుడూ పెళ్ళాం బేల్దారి పనికి, అంటే ఇళ్ళు కట్టే పనికి, పోయి పిల్లల్ని జేజి దగ్గర వదిలేవాళ్ళు. ఇప్పుడు పెళ్ళికాని పిల్లలు పోతున్నారు, మగపిల్లలు డెలివరీకి, సెక్యూరిటీకి, ఆడపిల్లలు గార్మెంట్స్‌కి. హిందూపురం వైపు, సరిహద్దు దాటితే దొడ్డబళ్ళాపురం వైపు కుట్టు ఫ్యాక్టరీలకు పొద్దున బస్సు ఎక్కి రాత్రికి తిరిగొచ్చేవాళ్ళూ ఉన్నారు. గార్మెంట్స్‌లో ఒక మంచి ఉంది, జీతం బ్యాంకులో పడుతుంది, పీఎఫ్ ఉంటుంది. కానీ నలభై దాటిన ఆమెను కొత్తగా తీసుకోవడం నేను దాదాపు చూడలేదు, చూపు ఆనదు, టార్గెట్ అందుకోలేదు అంటారు.

హిందూపురం, మడకశిర వైపు ఆడవాళ్ళకు ఇంటి దగ్గరే పని దొరికేది పట్టుపురుగుల్లో. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ దగ్గరే ఉండటం పెద్ద వసతి. షెడ్డు ఉండి, ఎకరం మల్బరీకి నీళ్ళుంటే నెల తిరగకుండా డబ్బు కనపడుతుంది. ఒకసారి ఒక వదిన ఇంటికి లోను ఫారం రాయడానికి పోయాను. పురుగులు నాలుగో జ్వరం (పొర విడిచే దశ) దాటి ఆకు మీద పడి తింటున్నాయి, షెడ్డంతా చిరుజల్లు పడుతున్నట్టు చప్పుడు. ఆమె తెల్లవారుజామున మూడింటికి లేచి ఆకు వేసింది, మళ్ళీ పదకొండుకు, మళ్ళీ సాయంత్రం, మళ్ళీ పడుకునే ముందు. వృత్తి ఏం రాయమంటావు వదినా అంటే, “నాదేముంది, ఇంట్లోనే ఉంటా కదా, ఆయనది రాయి” అంది, చేతిలో ఆకు గంప పట్టుకుని. ఆ రోజు నుంచి నేను ఆ గడిలో ఎవరికీ ‘గృహిణి’ అని అడక్కుండా రాయలేదు.

ఇక మీకు కావలసిన కంపెనీల సంగతి. 2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియాతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది, పెనుకొండ మండలం ఎర్రమంచిలో ప్లాంటు కట్టారు, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది, ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగలిగే ప్లాంటు అది. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. నా ఫారాల్లో 2019 నుంచి కొత్త మాటలు మొదలయ్యాయి. కొడుకు ‘కంపెనీ’, అల్లుడు ‘కంపెనీ బస్సు డ్రైవర్’, ఆమె ‘క్యాంటీన్’, చెల్లెలు ‘హౌస్‌కీపింగ్’, మరో ఇంట్లో ‘రూముల బాడుగ’. ఇది చిన్న మార్పు కాదు, నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను, మా ఊరి పిల్లలు పొద్దున యూనిఫాం వేసుకుని బస్సు కోసం నిలబడితే చూడ్డానికి ఎంత బాగుంటుందో. అయితే చెనక్కాయ మానేసిన నలభై అయిదేళ్ళ నాయనను ఆ బస్సు ఎక్కించుకోదు. వాళ్ళకు కావలసింది ఇరవై రెండేళ్ళ ఐటీఐ, డిప్లొమా పిల్లలు. పోయిన పని ఒకరిది, వచ్చిన పని ఇంకొకరిది. ఒకే ఇంట్లో ఆ ఇద్దరూ ఉంటే ఇల్లు నిలబడింది, చదువుకున్న పిల్లలు లేని ఇల్లు ఇంకా కూలి దగ్గరే ఉంది.

ధర్మవరం మగ్గాల గురించి వేరే ఎవరైనా రాస్తే బాగుంటుంది, మా ఊళ్ళో మగ్గాలు లేవు. గాలిమరలు, సోలార్ మాత్రం ఒక మాటలో చెబుతా. నంబులపూలకుంటలో 2016లో సోలార్ పార్కు 250 మెగావాట్ల మొదటి దశ మొదలైంది. ఇలాంటివి కట్టేటప్పుడు చుట్టుపక్కల ఊళ్ళకు చేతినిండా పని, కట్టాక కాపలా, ప్యానెళ్ళు కడగడం, గడ్డి కొట్టడం. భూమి ఎంత తీసుకుంటాయో అన్ని ఉద్యోగాలు ఇవ్వవు.

మీ విషయానికి వస్తాను. మా అక్క కొడుకు ఫిట్టర్ చేసి ఒక విడిభాగాల కంపెనీలో చేరాడు. చేరింది కంపెనీలో అనుకున్నాం, నిజానికి కాంట్రాక్టర్ దగ్గర. పదకొండు నెలలకు కాంట్రాక్టర్ మారాడు, పాతవాళ్ళలో సగం మందిని పిలవలేదు, వీడినీ పిలవలేదు. పీఎఫ్ చూస్తే నాలుగు నెలలదే జమైంది. మూడు నెలలు ఖాళీగా ఉన్నాడు, మా అక్క తిండి మానేసినంత టెన్షన్ పడింది. వాడు ఇంటర్ మీద ఐటీఐ చేశాడు, డిగ్రీ లేదు, అందుకని గ్రూప్స్ కాదు, బ్యాంకు పరీక్ష కాదు, మళ్ళీ ఇంకో కాంట్రాక్టర్ దగ్గరికే పోవాల్సి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు లెండి, వెల్డింగ్ కూడా నేర్చుకున్నాడు.

అందుకే డిగ్రీ పూర్తి చేయండి, ఇంకో ఏడాదే కదా. ఆ తర్వాత కూడా కంపెనీ పనే కావాలనిపిస్తే అప్పుడు ట్రేడ్ నేర్చుకోండి, తప్పేం లేదు. పోయిన చోట సిగ్గుపడకుండా అడగాల్సినవి ఉన్నాయి. ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీద ఉంది, కంపెనీదా కాంట్రాక్టర్‌దా? మిమ్మల్ని అప్రెంటిస్‌గా తీసుకుంటున్నారా, ఉద్యోగిగానా? అప్రెంటిస్ అయితే వచ్చేది స్టైపెండ్, దానికి పీఎఫ్ ఉండదు, ముగిశాక ఉద్యోగం ఇవ్వాలన్న నియమం కూడా లేదు, కాబట్టి పరీక్ష రాయించి సర్టిఫికెట్ ఇప్పిస్తారో లేదో ముందే కనుక్కోండి. ఉద్యోగి అయితే మొదటి నెలలోనే యూఏఎన్ (పీఎఫ్ ఖాతా చూసుకునే) నంబరు తీసుకుని ఫోన్లో ప్రతి నెలా మీరే చూసుకోండి. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ కార్డు కూడా అడగండి, అమ్మానాన్నలు మీ మీదే ఆధారపడి ఉంటే వాళ్ళకూ వైద్యం అందుతుంది.

మీ మామ మీ మంచికే చెబుతున్నాడు, ఆయన చూసింది బస్సు ఎక్కే పిల్లల్ని, నేను చూసింది వాళ్ళ ఇళ్ళ ఫారాల్ని, అంతే తేడా. ఇంకొకటి. మీ నాన్న సంగతి, మీ చదువు సంగతి అంతా రాశారు, మీ అమ్మకు ఇప్పుడు ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరుకుతోందో రాయలేదు. కనుక్కుని రాయండి, మీ ఇంటికి నిజంగా ఎంత తొందరగా ఒక జీతం కావాలో దాన్నిబట్టి ఇంకా చెబుతాను.