522002ని ముక్కలు చేసేటప్పుడు

అమ్మలూ, ఆశీస్సులు.

లెక్కల ప్రాజెక్టుకి మన బ్రాడీపేట పిన్‌కోడ్ 522002 తీసుకున్నావు, మంచి సంఖ్య. ముందు ప్రధాన కారణాంకాలు తేల్చు. అవి చేతికి రాకుండా, ఇది ఏ రకం సంఖ్యో చెప్పే వర్గీకరణ జోలికి వెళ్లకు.

సరిసంఖ్యే కాబట్టి 2 తీసెయ్, 261001 మిగులుతుంది. అంకెల మొత్తం 10, కాబట్టి 3 పోదు. చివర 1 ఉంది, 5 కూడా పోదు. ఇక 7, 11, 13లకి మూడు భాగహారాలు అక్కర్లేదు. ఆ మూడింటి లబ్ధం 1001 కదా, సంఖ్యని మూడేసి అంకెలుగా విడగొట్టి తీసివెయ్: 261 − 1 = 260. ఇది 7తోనూ 11తోనూ పోదు, 13తో పోతుంది. శేషం సున్నానా కాదా అన్నది మాత్రమే చూడు. 260ని 7తో భాగిస్తే 1 మిగులుతుంది, అసలు సంఖ్యకి మాత్రం 6. తీసివేత తిరగేసి చేశాం, అందుకని.

13తో భాగిస్తే 20077. ఇక్కడే చాలామంది గబగబా 17కి వెళ్లిపోతారు. అదే 13 మళ్లీ పోతుందేమో చూశాకే కదలాలి. 5 మిగిలింది, పోలేదు. 17తో భాగిస్తే 1181.

ఇక ఎంతవరకు వెతకాలి? 522002 వర్గమూలం 722 దాటుతుందని అంతదాకా వెళ్తే వందకి పైగా భాగహారాలు. నీ చేతిలో ఇప్పుడున్నది 1181, దాని వర్గమూలం 35 లోపే. ఒక్కో కారణాంకం తీసినప్పుడల్లా హద్దు దించుకో. 17, 19, 23, 29, 31లకి వరసగా 8, 3, 8, 21, 3 మిగులుతాయి. 1181 ప్రధాన సంఖ్యే.

522002 = 2 × 13 × 17 × 1181.

ఏదీ రెండోసారి రాలేదు, అంటే 1 తప్ప ఏ వర్గసంఖ్యా దీన్ని భాగించదు. 1నీ, 522002నీ కలుపుకుని దీని కారణాంకాలన్నీ 2 × 2 × 2 × 2 = 16. వాటి మొత్తానికి ఒక్కో ప్రధాన కారణాంకానికి 1 కలిపి గుణించు: 3 × 14 × 18 × 1182 = 893592. ఇందులో 522002 కూడా కలిసి ఉందని మరిచి, సమృద్ధ సంఖ్య (తనని మినహాయించిన కారణాంకాల మొత్తం తనకన్నా ఎక్కువుండేది) అని రాసేవాళ్లున్నారు. అది తీసేస్తే 371590. సంఖ్య కన్నా తక్కువ, కాబట్టి ఇది న్యూన సంఖ్య. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలుండే సంఖ్యల్ని రామానుజన్ 1915లో ప్రచురించిన వ్యాసంలో పరిశీలించాడు. ఆ జాతి సంఖ్య ఒకటి దీనికి దగ్గర్లోనే ఉంది, 498960. దానికి 200 కారణాంకాలు! రెండూ పక్కపక్కన పెట్టి పట్టిక వెయ్, చూడముచ్చటగా ఉంటుంది.

అంకెల మొత్తం లాంటివి చివర్న రాసుకో. అవి పదుల్లో రాసిన తీరుని బట్టి వచ్చేవి, సంఖ్య సొంత గుణాలు కావు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇది: 13, 17, 1181 మూడింటినీ 4తో భాగిస్తే 1 మిగులుతుంది. అందువల్ల 522002ని రెండు వర్గాల మొత్తంగా నాలుగు రకాలుగా రాయొచ్చు. ఒకటి 211² + 691². మిగతా మూడూ నువ్వే పట్టుకో. రెండు సంఖ్యలూ బేసివే అవ్వాలి, చివర 1 గాని 9 గాని ఉండాలి, 3తో పోకూడదు. పెద్దదాన్ని 511, 721 మధ్యే వెతుకు.

మీ పెదనాన్న
బ్రాడీపేట, గుంటూరు