పోస్టుమార్టంలో 'ఉరి' అని రాసేస్తే కేసు ముగిసినట్టేనా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పెళ్లయి నాలుగేళ్లయిన మా చెల్లెలు రెండు నెలల కింద అత్తగారింట్లో చనిపోయింది. మిగిలిన కట్నం తెమ్మని చివరిదాకా వేధించారు. పోస్టుమార్టంలో ఉరి వల్ల మరణం అని రాశారు, చేతుల మీద మేమంతా చూసిన దెబ్బల ఊసే లేదు. ఆ డాక్టరు ఇచ్చిన వేరే రిపోర్టుల మీద కూడా గొడవలున్నాయంటున్నారు. పోలీసులేమో ఇక చేసేదేం లేదంటున్నారు. శవాన్ని పూడ్చాం. దారేది?

జవాబు: చేసేదేం లేదన్నమాట నమ్మకండి. డాక్టరు ఇచ్చేది అభిప్రాయం, తీర్పు కాదు. ప్రాణం ఎట్లా పోయిందో ఆయన చెప్తాడు, దానికి బాధ్యులెవరో తేల్చాల్సింది దర్యాప్తు, చివరికి కోర్టు.

అసలు సంగతి ఇంకొకటుంది, చాలామందికి ఇది తెలియక డాక్టరు మీదే పడి టైమంతా పోగొట్టుకుంటారు. పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజంగా చనిపోయి, చావుకు కొద్దికాలం ముందు కట్నం కోసం వేధింపులు జరిగాయని మీరు చూపించగలిగితే, అది ఉరైనా సరే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 80 కింద వరకట్న మరణమే. శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. కాబట్టి ఫోన్ మెసేజ్‌లు, డబ్బులు పంపిన రసీదులు, పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషులు, వీటిని ముందు భద్రం చేసుకోండి.

ఇక రిపోర్టు. దాని కాపీ, పోస్టుమార్టానికి ముందు శవాన్ని చూసి రాసిన శవపంచనామా, ఫొటోలు, వీడియో తీసి ఉంటే అదీ రాతపూర్వకంగా అడగండి. మెడ మీది గుర్తును ఎట్లా వర్ణించారో చూడండి: ఉరి అయితే మామూలుగా గుర్తు ఏటవాలుగా పైకి పోయి ముడి దగ్గర తెగుతుంది, గొంతుకు బిగిస్తే చుట్టూ అడ్డంగా ఉంటుంది. ఒక్క గుర్తుతో అంతా తేలదనుకోండి. పంచనామాలో చేతి దెబ్బలు రాసి, పోస్టుమార్టంలో లేకపోతే మాత్రం మీకు గట్టి పట్టు దొరికినట్టే. మీ బంధువులు తీసిన ఫొటోలుంటే డిలీట్ చేయకండి, ఒరిజినల్ ఫోన్‌తో సహా ఉంచండి.

పూడ్చడం మీకు కలిసొచ్చింది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 196 కింద మెజిస్ట్రేటు శవాన్ని వెలికితీయించి మళ్లీ పరీక్ష చేయించవచ్చు. 2007లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో జరిగిన ఆయేషా మీరా హత్య కేసులో 2019 డిసెంబరులో తెనాలిలో అట్లాగే రీపోస్టుమార్టం చేశారు. కాకపోతే ఆలస్యమయ్యేకొద్దీ చర్మం మీది గాయాలు కనబడవు, ఎముకలే మిగులుతాయి, అందుకే ఇప్పుడే అడగండి. పాత రిపోర్టును, ఫొటోలను ఫోరెన్సిక్ ప్రొఫెసర్ల బృందం చేత చూపించమని కూడా కోరండి.

స్టేషన్లో కదలకపోతే ఎస్పీకి మీ ఫిర్యాదు స్పీడ్ పోస్టులో పంపండి, అక్కడా కాకపోతే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 175(3) కింద మెజిస్ట్రేటు కోర్టుకు వెళ్లండి. ఆ డాక్టరు వేరే కేసుల్లో ఏం రాశాడన్నది ఊరి మాటగా కోర్టులో నిలవదు, దాన్ని ఇప్పుడు ఎత్తకండి. మెడికల్ కౌన్సిల్ ఫిర్యాదు తర్వాత చూద్దాం.

ఎఫ్ఐఆర్ మీరిచ్చిందే అయితే, పోలీసులు కేసు మూసేస్తూ రిపోర్టు వేస్తే కోర్టు నుంచి మీకు నోటీసు రావాలి. వచ్చాక అభ్యంతరం లేదని సంతకం పెట్టకండి, ఆ రిపోర్టు మీద అభ్యంతరం చెప్తూ ప్రొటెస్ట్ పిటిషన్ వేయండి.