రామచిలుకకు దత్తత పత్రం చెల్లుతుందా?

ప్రశ్న: పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ తుప్పుపట్టిన పంజరంలో రామచిలుకను వదిలేసి పోతుంటే మేం తెచ్చుకున్నాం. రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయి. ఆ రోజే ఫొటోలు తీసి, డాక్టరుకు చూపించాం; ఆ చీటీ పారేశాను. పెద్ద పంజరం చేయించి 11 నెలలుగా ప్రాణంలా చూసుకుంటున్నాం. మా పాప పిలిస్తే పలుకుతుంది. ఇప్పుడు ఇంటి ఓనరు ఫారెస్టువాళ్లకు చెబుతానంటున్నారు. చిలుకను వదిలేసి వెళ్లిన ఆ పక్కింటాయన స్టాంపు పేపరు మీద దత్తత రాసిస్తానని, మూడేళ్లు దాటితే కేసే ఉండదని అంటున్నారు. నిజమేనా? – ఒక గృహిణి, రాజమండ్రి

జవాబు: అమ్మా, ఎంత బాగా చూసుకున్నారన్న దాని మీద కేసు నడవదు. ఉంచుకోవడానికి రాతపూర్వక అనుమతి ఉందా? అదొక్కటే ప్రశ్న. మీకు లేదు.

రామచిలుక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షణ ఉన్న ప్రాణుల జాబితాలో ఉంది. పట్టి పంజరంలో పెట్టిన వన్యప్రాణి సెక్షన్ 39 ప్రకారం ప్రభుత్వ ఆస్తి. అది ఎలా చేతికొచ్చినా 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో తెలియజేయాలి. తెచ్చిన రోజే ఒక కాగితం రాసిచ్చి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. 11 నెలలు ఎవరినీ అడగకపోవడం మీ తప్పే.

స్టాంపు పేపరు జోలికి మాత్రం పోకండి. తనది కాని పక్షిని ఆయన మీకెలా ఇస్తాడు? పైగా చిలుక ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో సాక్షుల సంతకాలతో మీరే రాసిచ్చినట్టవుతుంది. ప్రాసిక్యూషన్‌కు అంతకంటే ఏం కావాలి? పాత తేదీ వేయిస్తే దొంగ పత్రం కేసు కూడా తోడవుతుంది.

కాలపరిమితి మాట సగమే నిజం. ఈ నేరానికి మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. కాబట్టి కేసు పెట్టే గడువు మూడేళ్లే. కానీ పక్షి మీ దగ్గరున్నంత కాలం నేరం కొనసాగుతూనే ఉంటుందని వాదిస్తారు. అలాంటి నేరానికి గడువు ఏ రోజుకారోజు కొత్తగా మొదలవుతుంది.

భయపడి డాబా మీద వదిలేయకండి. ఎగరలేని చిలుక గంటలో పిల్లి పాలవుతుంది.

స్వాధీనం అక్రమం కాదని నిరూపించే భారం సెక్షన్ 57 ప్రకారం మీదే. మొదటిరోజు ఫొటోలు ఫోన్లోంచి చెరపకండి. డాక్టరు చీటీ పారేశానన్నారు, ఆసుపత్రిలో నకలు అడగండి. మీరు కొనలేదని చూపడానికి మీ దగ్గరున్నవి ఇవే. తర్వాత జరిగింది జరిగినట్టు రాసి, స్థానిక న్యాయవాదికి చూపించి, అటవీ రేంజ్ ఆఫీసరుకు ఇవ్వండి. కేసు రాదని హామీ ఇవ్వలేను. కానీ దాచి పట్టుబడినవారిని, తామే వచ్చి చెప్పినవారిని కోర్టు ఒకేలా చూడదు.

పాపకు చెప్పండి: కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి వస్తాయి, చిలుక మళ్లీ గుంపులో ఎగరగలదు. దానికి అంతకంటే మంచి బతుకు మనం ఇవ్వలేం. దత్తత తీసుకోవాలనే ఉంటే హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో ప్రాణిని జూలోనే ఉంచి పోషణ ఖర్చు భరించే పథకం ఉంది.

అప్పగించినట్టు ముద్రతో రసీదు చేతికొచ్చాకే పంజరం వాళ్లకివ్వండి.