ఆ చివరి అంకె నువ్వు చూసిందేనా?

చిరంజీవి అమ్మలుకు,

నువ్వు పంపిన ప్రాక్టికల్ రికార్డు పేజీ చూశాను. లోలకం పొడవు 100.0 సెం.మీ., 20 డోలనాలకు 40.2 సెకన్లు. రీడింగులు శుభ్రంగా తీశావు. గురుత్వ త్వరణం దగ్గర మాత్రం క్యాలిక్యులేటర్‌లో కనిపించిందంతా దించేశావు: 9.7716437.

ఒక పని చెయ్యి. 40.2 బదులు 40.3 వేసి మళ్లీ లెక్కగట్టు. 9.72 వస్తుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో సెకనులో పదోవంతు తేడా ఎవరి చేతికైనా వస్తుంది కదా. అంత చిన్న తేడాకే రెండో దశాంశ స్థానంలోని 7 కాస్తా 2 అయిపోతే, దాని వెనకున్న 16437ని ఎలా నమ్మాలి? 40.2లో ఉన్నవి మూడు సార్థక అంకెలు, అంటే కొలత నిజంగా చెప్పిన అంకెలు. కాబట్టి జవాబులోనూ మూడే, 9.77. అందులో కూడా చివరి 7 అనుమానమే.

20 డోలనాలు నువ్వు లెక్కపెట్టినవి, కొలిచినవి కావు. g = 4π²L/T² సూత్రంలోని (L పొడవు, T ఒక డోలనానికి పట్టే కాలం) 4 కూడా కొలత కాదు. వాటికి ఈ లెక్క వర్తించదు. π విలువను మాత్రం 3.14 దగ్గర ఆపకు, ఆపితే జవాబు 9.76కి జారిపోతుంది. మధ్య మెట్లలో అంకెలు కత్తిరించకుండా చివర్లో ఒక్కసారే సవరించు.

అలాగని అంకెలు తగ్గించడమే పద్ధతి అనుకోకు. 100.0 అని రాశావు చూడు, అది నాకు చాలా నచ్చింది. స్కేలు మీద మిల్లీమీటరు గీత చూసి రాసిన సున్నా అది. 0.0052లో ముందున్న సున్నాలు అలాంటివి కావు, అక్కడ సార్థకమైనవి రెండే. ఎవరెస్టు ఎత్తు లెక్కలో సరిగ్గా 29,000 అడుగులు తేలితే, జనం ఉజ్జాయింపు అనుకుంటారని 1856లో 29,002 అని ప్రకటించారని చెబుతారు. 2.9000×10⁴ అని రాస్తే ఆ సున్నాలు కూడా కొలిచినవేనని తెలుస్తుంది, ఆ చిక్కు ఉండదు.

అన్నిటికన్నా తీసివేతల దగ్గర జాగ్రత్త. ఖాళీ బీకరు 36.47 గ్రాములు, ఉప్పు వేశాక 36.52 అనుకో. నాలుగేసి అంకెల రీడింగులు తీసుకున్నా, ఉప్పు బరువుకు మిగిలింది 0.05, అంటే ఒక్క అంకె. రాతలో ఏం చేసినా ఆ లోటు తీరదు. ఉప్పైనా ఎక్కువ తీసుకోవాలి, ఇంకా సన్నగా తూచే త్రాసైనా వాడాలి.

జవాబు పుస్తకంలో ఉన్నట్టు 9.8 రాలేదని టెన్షన్ పడకు. నీ రీడింగులు ఇచ్చిందే రాయి.

తర్వాత సన్నని తీగల మందం కొలిచే స్క్రూ గేజ్ ఉంటుంది కదా, ముందు జీరో ఎర్రర్ చూసుకో, అంటే ఏమీ పెట్టకుండా మూసినప్పుడు అది సున్నా చూపిస్తోందో లేదో. అది 0.01 మి.మీ. వరకు చదువుతుంది కానీ, జీరో తప్పితే అన్ని రీడింగులూ అంతే తప్పుతాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న