కొండ అడవి పచ్చగా ఉంది, నా జామాయిల్‌కే ఈ బుడిపెలెందుకు?

ప్రశ్న: మాది పాత ప్రకాశం జిల్లా సి.ఎస్.పురం మండలం, భైరవకోన వెళ్లే దారిలో ఊరు. ఐదెకరాల మెట్టలో ఒకే క్లోన్ జామాయిల్ వేసి 14 నెలలైంది. చిగుళ్ల మీద, ఆకు ఈనెల మీద బుడిపెలు లేచి కొమ్మలు వంకర తిరుగుతున్నాయి. రెండుసార్లు మందు కొట్టినా తగ్గలేదు. మా పొలం పక్కనే కొండ అడవి. దానికి మందు కొట్టేవాడు లేడు, అయినా పచ్చగానే ఉంది. అన్ని రకాల చెట్లు కలిసి ఉంటే రోగాలు రావంటున్నారు. నిజమేనా? నిజమైతే మా గట్టు మీద రకరకాల చెట్ల మధ్య ఉన్న వేపలు ఎందుకు ఎండుతున్నాయి? పక్కన మూడెకరాలు ఖాళీగా ఉంది, అందులో ఏం వేయమంటారు?
– ఒక రైతు

జవాబు: ముందు మందు ఆపేయండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది తెగులు కాదు, పురుగు. చీమ తలంత ఉండే ఒక కందిరీగ లేత ఈనెలో, తొడిమలో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోపల తింటుంటే చెట్టు దాని చుట్టూ బుడిపె కడుతుంది. ఆ గది గోడ దాటి పిచికారీ మందు లోపలికి పోదు. పైగా ఆ కందిరీగను తినే మరో చిన్న కందిరీగ మన తోటల్లోనే ఉంది, మీ మందుకు చచ్చేది అదే. యూరియా కూడా తగ్గించండి. లేత చిగురు ఎక్కువైతే పురుగుకు విందు. చెట్టు ఎత్తు పెరిగి ముదిరేకొద్దీ నష్టం తగ్గుతుంది కాబట్టి తోట పీకేసే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక అడవి సంగతి. అడవికి రోగాలు లేవన్నది దూరం నుంచి చూసిన మాట. మీ ఊళ్లో తునికాకు కోసేవాళ్లను అడగండి. ఆ ఆకు మీదా బుడిపెలు లేస్తాయి, వేరే పురుగు వల్ల. బుడిపె ఆకును కట్టలో పెట్టనివ్వరు. పురుగు అక్కడా ఉంది, కాకపోతే అది అడవిని ఊడ్చేయదు. ఎందుకంటే ఒక తునికి చెట్టుకీ మరో తునికి చెట్టుకీ మధ్య చిరిమాను, బిల్లుడు, నారేపి, మోదుగ ఉంటాయి. ఒకే రకం చెట్టు మీద బతికే పురుగు తన చెట్టును వాసన పట్టి, కంటితో చూసి వెతుక్కోవాలి. మధ్యలో వేరే ఆకుల వాసన, వేరే నీడ అడ్డొస్తే సగంలోనే దారి తప్పుతుంది. మీ తోటలో దానికి ఆ తిప్పలు లేవు. బుడిపెలోంచి బయటికొస్తే ఎటు చూసినా విస్తరి వేసే ఉంది. పైగా ఈ కందిరీగలో ఆడది మగదాని అవసరం లేకుండానే సంతానం కంటుంది. అంటే ఒక్కటి వచ్చినా చాలు.

మీరు వేసింది ఒకే క్లోన్ కదా. అంటే వేలాది మొక్కలూ ఒకే తల్లిచెట్టు కొమ్మల నుంచి వచ్చినవి. ఒకదానికి తట్టుకునే శక్తి లేకపోతే ఏ ఒక్కదానికీ ఉండదు. విత్తనం మొక్కల తోటలో కనీసం అక్కడక్కడా గట్టి చెట్లు మిగిలేవి. క్లోన్ తోటల దిగుబడి ముందు ఆ మాట ఎవరికీ ఎక్కదు, నాకూ తెలుసు.

ఈ లెక్క ఎంత దాకా పోతుందో చెప్పడానికి రబ్బరు కథ చాలు. అమెజాన్ అడవిలో రబ్బరు చెట్లు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ విడివిడిగా ఉంటాయి, ఆకుమచ్చ తెగులు ఉన్నా బతికేస్తాయి. కార్ల హెన్రీ ఫోర్డ్ 1928లో అదే అమెజాన్‌లో వేల ఎకరాలు కొట్టించి రబ్బరు ఒక్కటే దగ్గరదగ్గరగా వేయించాడు. చెట్ల తలలు కలిశాక తెగులు ఆకులన్నీ రాల్చేసింది. 1945లో ఆ భూమిని బ్రెజిల్ ప్రభుత్వానికి అప్పగించి వచ్చేశారు. కేరళలో రబ్బరు ఇప్పటికీ ఒకే పంటగా నిలబడి ఉందంటే, ఆ తెగులు ఇంకా ఆసియాకు రాలేదు గనుక.

అయితే చెట్లు కలిపితే చాలు అనుకోకండి. వందకు పైగా అధ్యయనాలను ఇద్దరు శాస్త్రవేత్తలు 2007లో కలిపి చూశారు. ఒకటి రెండు రకాల చెట్లనే తినే పురుగుల బెడద మిశ్రమ అడవుల్లో స్పష్టంగా తక్కువ. దొరికిన చెట్టునల్లా తినే పురుగుల విషయంలో మాత్రం ఒకచోట తగ్గింది, ఇంకోచోట పెరిగింది. ఎన్ని రకాలు అన్నదాని కన్నా ఏ రకాలు అన్నదే ముఖ్యమని, చుట్టరికం ఎంత దూరమైతే అంత మేలని తేలింది.

మీ వేపల ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 2021 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపల కొమ్మలు చివర్ల నుంచి ఎండుతున్నాయి. కారణం ఒక శిలీంధ్రపు తెగులు, దానికి తోడు లేత కొమ్మల రసం పీల్చే టీ దోమ అనే పురుగు. ఆ తెగులు వానలో, గాలిలో, విత్తనంతో పాకుతుంది. మీ గట్టు మీద వేప పక్కన ఏముందన్నది దానికి లెక్క కాదు, ఎందుకంటే జిల్లా అంతా ప్రతి గట్టు మీదా, ప్రతి ఇంటి ముందూ వేపే. ఇక టీ దోమ జీడిమామిడి మీదా, జామ మీదా కూడా బతుకుతుంది. వేప పక్కన ఆ రెండూ వేసి మిశ్రమ తోట అనుకుంటే ఆ దోమకు మూడు పూటలా మనమే వడ్డించినట్టు. అమెరికాలో చెస్ట్‌నట్ చెట్టు మిశ్రమ అడవిలోనే ఉండేది. 1904లో న్యూయార్క్‌లో కనిపించిన ఓ తెగులు, ఆసియా నుంచి వచ్చింది, కొన్ని దశాబ్దాల్లో కోట్ల చెట్లను తినేసింది. కొత్తగా వచ్చిన రోగానికి చెట్టులో తట్టుకునే గుణమే లేకపోతే చుట్టూ ఎన్ని రకాలున్నా ఆపలేవు.

మీ మూడెకరాలకు వద్దాం. అడవిని తెచ్చి పొలంలో పెట్టమని నేను చెప్పను. కర్ర కొనేవాళ్లు రకం చూసి కొంటారు, ఒకటొకటిగా కలిపి వేస్తే కోతప్పుడు కూలీలతో మీరు పడే తిప్పలు మీకే తెలియాలి. పైగా జామాయిల్ వేగంగా ఎత్తు పెరిగి పక్క మొక్కను నీడలో తొక్కేస్తుంది. అందుకని పట్టీలుగా వేయండి. ఏడెనిమిది సాళ్లు జామాయిల్, తర్వాత అన్నే సాళ్లు సుబాబుల్, మళ్లీ జామాయిల్. సుబాబుల్‌కూ ఓ శత్రువుంది. 1988లో మన దేశానికి వచ్చిన పేనుపురుగు లాంటిది, చలికాలం చిగుళ్లను పీలుస్తుంది. కానీ సుబాబుల్ దొంగ వేరు, జామాయిల్ దొంగ వేరు. అది జామాయిల్ మీద వాలదు, ఈ కందిరీగ సుబాబుల్ జోలికి పోదు. సుబాబుల్ వేర్లు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి, అది అదనం. కాయ ముదిరి గింజ రాలకముందే కొడితే కలుపై పక్క పొలాల్లోకి పాకదు.

జామాయిల్ పట్టీల్లో కూడా ఒకే క్లోన్ వద్దు. నర్సరీలో బిల్లు మీద నంబరు చూసి మూడు నాలుగు రకాలు తీసుకుని వేర్వేరు పట్టీల్లో పెట్టండి. ఏ పట్టీలో ఏ నంబరో ఓ కాగితం మీద రాసి ఉంచుకోండి, రెండేళ్ల తర్వాత మీ నేలకు ఏది తట్టుకుందో అదే చెబుతుంది. బుడిపెలున్న నారు ఎంత చవకగా ఇచ్చినా తేవద్దు, మన జిల్లాలో ఈ పురుగు కొత్త పొలాలకు ఎక్కువగా నారుతోనే చేరుతోందని నా అనుమానం. కొందరు మలబారు వేప కూడా అడుగుతున్నారు. అది వేపకు చుట్టమే కాబట్టి వేపలు ఎండుతున్న గట్టుకు ఆనించి వద్దు, పొలం అవతలి వైపు వేసుకోండి.

నీటి విషయంలో ఒక మాట. చెట్లు కలిపితే కరువును బాగా తట్టుకుంటాయని చాలామంది చెబుతున్నారు. మీలాంటి వానలు తక్కువ మెట్టలో ఇది అన్నిసార్లూ నిజం కాదు, రెండూ ఒకే లోతు నుంచి నీళ్లు లాగితే ఇద్దరూ దాహంతోనే ఉంటారు. అందుకే మొక్కల దూరం తగ్గించకండి, సాళ్ల మధ్య మూడు మీటర్లు వదలండి.

గట్టు మీది వేపల్ని మాత్రం ఎండాయని ఇప్పుడే నరికించకండి. చాలా చెట్లు ఎండాకాలంలో మళ్లీ చిగురిస్తాయి. చివరి కొమ్మలు ఎండినంతవరకే కొట్టి తగలబెట్టి, వచ్చే ఉగాది దాకా చూడండి.