170 దాటితే స్టీరింగు తేలికైపోతోందా? వెనక రెక్క కొనే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైంది. అనంతపురంలో ఉంటారు, బెంగళూరులో కొన్న సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కూపే ఉంది. రేసు ట్రాక్ మీద గంటకు 170 కిలోమీటర్లు దాటగానే ముందు భాగం తేలుతున్నట్టు అనిపిస్తోంది, పక్కకు తిప్పితే వెనక భాగం ఊగి ఆలస్యంగా కుదురుకుంటోంది. డిక్కీ మీద పెద్ద రెక్క పెట్టిస్తే సరిపోతుందా అని అడిగారు. ఇప్పుడప్పుడే పెట్టించకండి. నాది కడప. సరిగ్గా ఇదే బాధ నా కారుకూ వచ్చింది. నేను రెక్కతోనే మొదలుపెట్టి ఒక ఏడాది, కొంత డబ్బు పోగొట్టుకున్నాను. రెక్క బిగించాక ముందు భాగం ఇంకా తేలికైంది.

ఎందుకో ఎర్రగుంట్ల వైపు నుంచి నాపరాళ్ళు వేసుకుని వచ్చే లారీ డ్రైవర్లకు బాగా తెలుసు. బండలు వెనక ఇరుసు దాటి పేర్చితే గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగు మాట వినదు. వెనక పడిన బరువు ముందు చక్రాలను పైకి లేపుతుంది. రెక్క చేసే పనీ అదే. గాలి దాన్ని కిందికి నొక్కే చోటు వెనక చక్రాలకు ఇంకా వెనక ఉంటుంది. చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, రెక్క వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్లు అవతల, ఒక వేగంలో 60 కిలోల బరువుతో నొక్కుతోంది అనుకుందాం. వెనక చక్రాల మీద 75 కిలోలు పడతాయి, ముందు చక్రాల మీది నుంచి 15 కిలోలు తగ్గిపోతాయి. రెక్క ఎత్తున నిలబడి గాలికి అడ్డుపడుతుంది కాబట్టి ముందు భాగం మరికాస్త లేస్తుంది. మీ కారులో ఇప్పటికే తేలుతున్నది ముందు భాగం. దానికి ఈ మందు పనికిరాదు.

వేగం రెట్టింపైతే గాలి బలం నాలుగింతలు అవుతుంది. 100 దగ్గర 10 కిలోలు లేపే గాలి 200 దగ్గర 40 కిలోలు లేపుతుంది. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ కనబడని లోపం ట్రాక్ మీద ఒక్కసారిగా బయటపడేది ఇందువల్లే.

నా కారులో అసలు లోపాన్ని పట్టుకున్నది మెకానిక్ కాదు, మా ఇంటికి పనికి వచ్చిన ఒక పెద్ద మేస్త్రి. షెడ్డులో కడప బండలు పరిపించుకుంటున్నాను. కారును నాలుగు చక్రాల కిందా సమానంగా ఉండే చోట నిలిపి కొలవాలని నా ఆలోచన. ఆయన నీటి గొట్టంతో మట్టం చూసి బండలు సరిచేశాడు. కారు ఎక్కించాక దూరంగా నిలబడి చూసి, "నాయనా, నేల సమంగానే ఉంది, నీ బండి ముక్కే పైకుంది" అన్నాడు. అదే గొట్టంతో తలుపుల కింది అంచు కొలిస్తే ముందు వైపు 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. కంపెనీ చేసినప్పుడు ముందు వైపు కాస్త వాలి ఉండాలి. స్పీడ్ బ్రేకర్లకు కింది భాగం తగలకుండా పాత యజమాని ముందు స్ప్రింగుల దగ్గర స్పేసర్లు (కారు ఎత్తు పెంచే దిమ్మలు) వేయించాడని అప్పుడు తెలిసింది. మన ఊళ్ళలో స్పీడ్ బ్రేకర్ల ఎత్తు చూస్తే ఆయన్ను తప్పుపట్టలేను. కానీ ముక్కు లేచిన కారు కిందికి గాలి ఎక్కువగా దూరుతుంది, ఆ గాలే ముందు భాగాన్ని మోస్తుంది.

ముక్కు లేవడం ఎంత ప్రమాదమో 1999లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ కార్ల పందెంలో ప్రపంచమంతా చూసింది. మెర్సిడెస్ సీఎల్ఆర్ కార్లలో మార్క్ వెబర్ నడిపినది పందేనికి ముందే రెండుసార్లు, పీటర్ డంబ్రెక్ నడిపినది పందెం మధ్యలో గాలిలోకి లేచి తిరగబడ్డాయి. డంబ్రెక్ కారు కంచె దాటి చెట్లలో పడింది. ఇద్దరూ బతికారు. మిగిలిన కారును కంపెనీ వెనక్కి పిలిపించుకుంది. అవి పందెం కోసమే పుట్టిన కార్లు. మనవి రోడ్డు కార్లు, అలా ఎగిరిపోవు. అయినా ముక్కు కింద దూరే గాలి చేసే పని రెండు చోట్లా ఒకటే.

కాబట్టి మొదట ఎత్తు కొలవండి. ప్రతి చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా ఎంత ఉందో రాసుకుని కంపెనీ పుస్తకంలోని అంకెలతో పోల్చండి. తర్వాత కారు కింద చూడండి. ఇంజను అడుగున ఉండే ప్లాస్టిక్ కవరును ఆయిల్ మార్చేటప్పుడు విప్పి, మళ్ళీ బిగించకుండా వదిలేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. గాలిని సాఫీగా దాటించడానికి పెట్టిన కవరు అది. నా కారుకూ లేదు. స్పేసర్లు తీయించి, ఆ కవరు వేయించాక స్టీరింగులో బరువు తిరిగి వచ్చింది. సగం రోగం అక్కడే పోయింది.

మిగతా సగం వెనక చక్రాల్లో ఉంది. మేస్త్రి దారం కారుకు రెండు పక్కలా సమాంతరంగా కట్టి, రిమ్ము ముందు అంచుకు, వెనక అంచుకు దారం నుంచి దూరం కొలిచాను. ఎడమ వెనక చక్రం ముందు అంచు 2 మిల్లీమీటర్లు బయటకు తిరిగి ఉంది. వెనక చక్రాలు రెండూ ముందు వైపు కాస్త లోపలికి చూస్తూ ఉంటేనే కారు తిన్నగా పోతుంది. దీన్నే టో-ఇన్ అంటారు. ఒక్కటి బయటకు చూసినా వెనక భాగం తనే దారి వెతుక్కుంటుంది. అలైన్‌మెంట్ షాపులో సరిచేయించినా రెండు వారాల్లో మళ్ళీ అంతే అయింది, ఎందుకంటే సస్పెన్షన్ ఆర్మ్ రబ్బరు బుష్ పగిలిపోయి ఉంది. అలాంటప్పుడు సరిచేసిన కొలత నిలిచి ఉన్న కారులో సరిగ్గానే కనబడినా, బ్రేకు నొక్కగానే చక్రం తిరిగిపోతుంది. బుష్షులు మార్చకుండా అలైన్‌మెంట్ చేయించడం వృథా. వెనక భాగం ఊగి ఆలస్యంగా కుదురుకుంటోందని రాశారు కాబట్టి మీరు షాక్ అబ్జార్బర్లు కూడా చూపించండి. ముందు చక్రాలకు క్యాస్టర్ (స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) రెండు వైపులా సమానంగా ఉందో లేదో అడగండి. అది తగ్గితే స్టీరింగు తనంతట తాను మధ్యకు రాదు.

టైర్ల గాలి దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. మే నెల మధ్యాహ్నం కడప ఎండలో నిలిచిన కారుకు గాలి 34 పీఎస్ఐ కొట్టించి చెన్నై దారి పట్టాను. మరునాడు పొద్దున్నే ట్రాక్ దగ్గర కొలిస్తే 31 కూడా లేదు. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గితే దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. కాబట్టి టైర్లు చల్లగా ఉన్నప్పుడు, నడపబోయే చోటే కొలవాలి. కొన్ని కార్ల తలుపు దగ్గరి స్టిక్కరులో ఎక్కువ వేగానికి వేరే అంకె ఉంటుంది, అదే పాటించండి. టైరు పక్కన ఉండే అక్షరం కూడా చూడండి: హెచ్ అయితే 210, వి అయితే 240, డబ్ల్యు అయితే 270 కిలోమీటర్ల వరకే. నాలుగు అంకెల తేదీ కూడా అక్కడే ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. మన ఎండల్లో రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. గాడి లోతుగా ఉందని పాత టైరును నమ్మవద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా వెనక భాగం తేలికగా ఉంటే, అప్పుడు రెక్క గురించి ఆలోచించండి. రెక్కలు పనికిరావని నేను అనడం లేదు. 1998లో వచ్చిన ఆడి టీటీ జర్మనీ రహదారుల మీద పెద్ద వేగంలో అదుపు తప్పి ప్రమాదాలు జరిగాక, కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిచి డిక్కీ మీద చిన్న స్పాయిలర్ (గాలిని మళ్ళించే అంచు) పెట్టింది. దానితోపాటు సస్పెన్షన్ మార్చింది, ఈఎస్‌పీ (కారు జారిపోకుండా ఆపే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) కూడా చేర్చింది. స్పాయిలర్ ఒక్కదాన్నే నమ్ముకోలేదని గమనించండి. 1972లో పోర్షె 911 కారెరా ఆర్ఎస్ వెనక పెట్టిన బాతు తోక లాంటి స్పాయిలర్ కూడా చిన్నదే. వెనక ఏది పెట్టినా దానికి తగ్గట్టు ముందు బంపరు కింద గాలిని ఆపే పెదవి ఉండాలి. రెక్కను డిక్కీ రేకుకు మాత్రమే బిగిస్తే ఆ రేకు వంగుతుంది, లోపలి చట్రానికి బలం అందాలి. నేను నా రెక్క తీసేసి ముందు పెదవి, వెనక చిన్న అంచు మాత్రమే ఉంచాను, అవి చాలాయి.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. ప్రతిదాన్నీ ట్రాక్ మీదే పరీక్షించండి. బెంగళూరు హైవే ఎంత నున్నగా ఉన్నా అక్కడ వద్దు. నాలుగు వరుసల జాతీయ రహదారిపై కార్లకు గరిష్ఠ వేగం 100. చట్టం సంగతి పక్కన పెట్టినా, డివైడర్ సందులోంచి ట్రాక్టరు, గొర్రెల మంద ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు, వాటి వెనక ఒక మనిషి ఉంటాడు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ అనంతపురం నుంచి ఒక రోజు ప్రయాణమే. ట్రాక్ రోజులు ఎప్పుడో ముందే కనుక్కుని వెళ్ళండి.

ఈ వారం నాలుగు చక్రాల ఎత్తులు, వెనక చక్రాల దారం కొలతలు, టైర్ల తేదీలు రాసి పంపండి. స్పేసర్లు ఉన్నాయో లేదో కూడా చెప్పండి. వాటిని నా కారు కొలతల పక్కన పెట్టి చూసి, ముందు దేనికి డబ్బు పెట్టాలో చెబుతాను.