ఆ టీడీఎస్ పెన్ను పక్కన పెట్టి ఇది చదువు

బంగారూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, అది ఉద్యోగం మానేసి బెంగళూరు పక్కన హోసకోటె దగ్గర ఆవులు పెడుతుందట, అంతా నీ వల్లే" అని విరుచుకుపడింది. నేనేం చేశానే? సెలవులకి వర్తూరు వచ్చినప్పుడు దూడకి సీసాతో పాలు పట్టించాను, అంతే. ఫోన్ పెట్టేశాక కాస్త గర్వంగానే అనిపించిందిలే. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. బోరు నీళ్లు పరీక్ష చేయించావా అని అడిగితే "టీడీఎస్ 780 పెద్దమ్మా, సూపర్" అని మెసేజ్ పెట్టావు. టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎన్ని మిల్లీగ్రాములో ఆ పెన్ను చెప్పే అంకె, అంతే కదా. ఆ సూపర్ అన్న మాట చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తొట్టి నీడలో ఉండాలి, వారానికి రెండుసార్లు పాచి గీకి కడగాలి. పూటకి పది, పన్నెండు లీటర్లిచ్చే ఆవులంటున్నావు కాబట్టి లీటరు పాలకి నాలుగైదు లీటర్ల నీళ్లు లెక్కేసుకో, ఎండాకాలం ఇంకా ఎక్కువ. పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

ఉప్పు సంగతికొస్తే, 780కి భయం లేదు. లీటరుకి వెయ్యి మిల్లీగ్రాముల లోపు ఏ పశువుకైనా సరే. మూడు వేల దాకా కూడా ఫర్వాలేదు, అలవాటు లేని ఆవు కొన్నాళ్లు పల్చగా పేడ వేస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. ఐదు వేలు దాటితే చూడి ఆవుకీ పాలిచ్చే ఆవుకీ పెట్టకు. కానీ ఆ పెన్ను అన్నీ కలిపి ఒక అంకె చెబుతుంది, అంతే. లోపల ఏముందో దానికి తెలియదు. నా గౌరిని చంపిన నీళ్లలో ముంచినా అది నీకు మంచి అంకే చూపించేది.

అప్పటికి నువ్వు పుట్టలేదు. నాకు ఐదు ఆవులు. ఒక వేసవిలో బోరు ఎండిపోయింది. పెరట్లో పాత బావి ఉండేది, ఎగువన పేడదిబ్బ, ఆ పక్కన యూరియా చల్లే కూరగాయల మడి. తొలకరి పడ్డాక బావిలో నీళ్లు ఊరాయి. తేటగా, తియ్యగా ఉన్నాయి. నేనూ తాగాను. పైగా తెలివిగా, కుడితికి వాడే నీళ్లని మరగబెట్టాను! పేడ నుంచీ యూరియా నుంచీ వానతో బావిలోకి దిగింది నైట్రేటు, అది మరగబెడితే పోదే తల్లీ. నీళ్లు ఆవిరైపోయి ఇంకా చిక్కబడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అదే వారం, ఎండకి వాడిపోయి వానకి మళ్లీ లేచిన జొన్న కోసి వేశాను. ఆ జొన్నలోనూ నైట్రేటే. మేతలోదీ నీళ్లలోదీ కడుపులో కూడుకుంటుందని అప్పుడు నాకు తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం గౌరి రొప్పుతూ తూలిపోయింది. జొన్న కదా, నాము పట్టిందనుకున్నాను, అంటే జొన్నలో ఉండే సైనైడు విషం. వంటింటి వైద్యాలు చేస్తూ గంటన్నర పోగొట్టాను. డాక్టరు వచ్చి చెవి దగ్గర సూదితో పొడిచి రక్తం చూశారు. నాము అయితే ఎర్రగా మెరిసిపోతుందట. గౌరి రక్తం చాక్లెట్ రంగులో ఉంది. పొట్టలోని సూక్ష్మజీవులు నైట్రేటుని నైట్రైటుగా మారుస్తాయి, అది రక్తంలోకెక్కితే ఇక రక్తం ప్రాణవాయువుని మోయలేదు. అంటే ఆవు గాలి పీలుస్తూనే ఊపిరాడక పోతుంది. రెండింటికీ మందు వేరు. నీలం రంగు ఇంజెక్షన్ ఇచ్చేసరికి గౌరి పోయింది. పక్కనున్న చూడి ఆవు బతికింది, కానీ పది రోజులకి ఈచుకుపోయింది, కడుపులో దూడ పోయింది. "నీళ్లెక్కడివమ్మా?" అని ఆయన అడిగితే బావి వైపు చెయ్యి చూపించాను. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

అందుకే మొదట నైట్రేటు పరీక్ష చేయించు. రిపోర్టులో ఒక తిరకాసు ఉంటుంది. "నైట్రేట్" అని రాస్తే లీటరుకి 45 మిల్లీగ్రాముల లోపు నిశ్చింత. "నైట్రేట్ నైట్రోజన్" అని రాస్తే అదే హద్దు 10. చదివేటప్పుడు ఆ పేరు చూడకపోతే నాలుగు రెట్లు తప్పుతావు. 45 నుంచి 130 దాకా మంచి మేత ఉంటే నడుస్తుంది, 220 దాటితే ప్రాణానికే ముప్పు. బోరు పది నిమిషాలు ఆడించాక నీళ్లు పట్టు, ఐస్‌లో పెట్టి అదే రోజు ల్యాబుకివ్వు. ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి.

ఫ్లోరైడ్ కూడా రాయించు. కోలారు వైపు బోర్లలో అది ఎక్కువని తెలుసు కదా, నువ్వేమో ఆ దారిలోనే ఉన్నావు. పశువుకి లీటరుకి రెండు మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ఏళ్ల తర్వాత పళ్ల మీద గోధుమరంగు గీతలు, కుంటినడక. అప్పుడు చేసేదేం లేదు. సల్ఫేటు హద్దు పెద్దవాటికి లీటరుకి వెయ్యి మిల్లీగ్రాములు, దూడలకి ఐదు వందలు.

ట్యాంకర్ నీళ్లొద్దని నేను చెప్పినా వేసవిలో తెప్పిస్తావు, నాకు తెలుసు. కనీసం వాడు ఏ బోరు నుంచి తెస్తున్నాడో అడుగు. రోజుకో బోరు మారుస్తాడు. ఇంట్లో ఆర్ఓ మెషిన్ వదిలే నీళ్లు వృథా ఎందుకని తొట్టిలో పోసేవు, కొడతాను. ఉప్పంతా అందులోకే వస్తుంది. పేడదిబ్బ బోరుకి దిగువన పెట్టు, ఎగువన కాదు. చూశావా, చివర్లో రాశాను, మొదట రాయాల్సింది.

తమ్ముడి చేత రెండు శుభ్రమైన సీసాలు పంపిస్తున్నాను. సబ్బుతో కడగకు, పట్టే నీళ్లతోనే మూడుసార్లు కుదిపి పారబొయ్యి. ఒకదాని మీద బోరు అని, రెండోదాని మీద ట్యాంకర్ అని రాయి. అదే సంచిలో నీకు మామిడికాయ పప్పు పెట్టాను. డబ్బా మాత్రం తిరిగి పంపించు, అది మీ అమ్మమ్మది.

పెద్దమ్మ